నేల మాట వినే కర్ర

పిల్లలూ! లంకెబిందెల కథలు వినని వాళ్ళు మీలో ఎవరూ ఉండరు. ఫలానా పాడుకోటలో ఉన్నాయట, ఫలానా మర్రిచెట్టు మొదట్లో ఉన్నాయట, వాటికి పాము కాపలా ఉన్నదట అని మన పల్లెటూళ్ళలో ఎన్నో చెప్పుకుంటారు. ఆ పామును అలా ఉంచి, నిజంగానే ఒక పొలంలో అటువంటి నిధి బయటపడిన ఊరికి ఈ నెల పోయివద్దాం. ఆ నిధిని బయటపెట్టింది మంత్రమూ కాదు, అంజనమూ కాదు. ఒక పొడుగాటి కర్ర, దాని చివర ఒక పళ్ళెం, పళ్ళాన్నీ పెట్టెనూ కలిపే ఒక తీగ. అటువంటి యంత్రాన్ని మెటల్ డిటెక్టరు అంటారు. నిధి సంగతి తర్వాత. ముందు ఊరు, ఆ తర్వాత ఆ తీగ సంగతి చూద్దాం. ఎందుకంటే అందరూ పళ్ళాన్ని చూస్తారు, పెట్టెను చూస్తారు, తీగను ఎవరూ పట్టించుకోరు. తీరా యంత్రం చేత అబద్ధాలాడించేది ఆ తీగే!

ఆ ఊరు ఇంగ్లండు దేశానికి తూర్పు వైపున, సఫక్ అనే సీమలో ఉన్నది. పేరు హాక్సన్. ఇంగ్లీషులో రాసింది రాసినట్టు చదివితే "హాక్స్‌నే" అని వస్తుంది గాని, అలా పలికితే ఆ ఊరివాళ్ళు నవ్వుకుంటారు. లండనులో లివర్‌పూల్ స్ట్రీటు స్టేషనులో రైలెక్కి నారిచ్ పట్నం వైపు సుమారు గంటన్నర పోతే డిస్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ దిగి, తూర్పుగా అయిదు మైళ్ళు పోతే హాక్సన్ చేరతాం.

ఇక్కడ కొండలు లేవు. పొలాలు అలల మాదిరిగా కొద్దిగా ఎత్తూ పల్లంగా సాగిపోతాయి. పొలానికీ పొలానికీ నడుమ ముళ్ళపొదల కంచెలు. ఊరికి దగ్గరలోనే వేవ్నీ అనే నది మెల్లగా పారుతూ ఉంటుంది. మనకు వరి ఎలాగో వాళ్ళకు గోధుమా, బార్లీ అలాగ. పంచదార తీసే బీటుదుంప కూడా పండిస్తారు. వేసవి చివర గోధుమ కోతలవుతాయి. ఆ తర్వాత పొలం నిండా కొయ్యకాళ్ళు నిలిచి ఉంటాయి. నవంబరు వచ్చేసరికి నేల తడిసి బురద బురదగా ఉంటుంది. పొగమంచు కమ్ముతుంది, సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది.

ఊళ్ళో గోల్డ్‌బ్రుక్ అనే వాగు మీద ఒక చిన్న వంతెన ఉన్నది. దాన్ని గురించి ఒక కథ చెబుతారు. క్రీ. శ. 869లో డేన్లు అనే సముద్రపు దండు ఆ సీమ మీద పడింది. ఎడ్మండ్ అనే రాజు వాళ్ళకు చిక్కకుండా వచ్చి ఈ వంతెన కింద దాక్కున్నాడట. అప్పుడే పెళ్ళయిన ఒక జంట వంతెన దాటుతూ నీళ్ళలోకి చూశారు. గుర్రాన్ని అదిలించడానికి రాజుగారి మడమలకు కట్టుకున్న బంగారు ముళ్ళు నీళ్ళలో తళుక్కుమన్నాయి. వాళ్ళు పోయి శత్రువులకు చెప్పేశారు, రాజు పట్టుబడ్డాడు. ఇది ఇక్కడే జరిగిందని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కాని ఊరివాళ్ళు మాత్రం ఈ కథను వదలలేదు. దాగిన దాన్ని లోహం పట్టిచ్చిందన్న మాట!

ఈ ఊరి నేలలో దాగినవి ఇంకా ఉన్నాయి. ఇక్కడ ఇటుకలకోసం మట్టి తవ్వే గోతిలో వింత ఆకారంగల చెకుముకి రాళ్ళు దొరికేవి. 1797లో జాన్ ఫ్రియర్ అనే ఆయన వాటిని చూసి, ఇవి మామూలు రాళ్ళు కావు, ఇనుమూ రాగీ తెలియని కాలంలో మనుషులు చేసుకున్న పనిముట్లు అని లండనులోని పండితుల సభకు ఉత్తరం రాశాడు. ఆనాడు ఆయన మాట ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ రాతిగొడ్డళ్ళు సుమారు నాలుగు లక్షల ఏళ్ళ కిందటివని ఈనాడు చెబుతున్నారు. ఫ్రియర్ చేసిన ముఖ్యమైన పని ఏమంటే, రాళ్ళు తీసుకుని ఊరుకోకుండా, అవి ఎంత లోతున, ఏ మట్టి పొర కింద ఉన్నాయో రాసిపెట్టాడు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక మన కర్ర సంగతికి వద్దాం.

కోతలయిన తర్వాత సఫక్ పొలాలలో అక్కడక్కడా ఒంటరిగా నడుస్తున్న మనుషులు కనిపిస్తారు. చెవులకు హెడ్‌ఫోనులుంటాయి, నడుముకు చిన్న పార వేలాడుతూ ఉంటుంది. చేతిలోని కర్రను నేలకు ఆనించీ ఆనించకుండా అటూ ఇటూ ఊపుతూ, అడుగులో అడుగు వేస్తూ పోతారు. మన ఇళ్ళలో పేడతో అలికేటప్పుడు ఒక పట్టె మీదికి ఇంకో పట్టె కలిసేటట్టు అలుకుతారు చూడండి, సరిగ్గా అలాగే వాళ్ళు పళ్ళాన్ని ఊపుతారు. నడుమ ఖాళీ వదిలితే అక్కడున్న వస్తువు తప్పిపోతుంది.

ఈ యంత్రపు చుట్టాన్ని మీరు చూసే ఉంటారు. విమానాశ్రయంలోనూ, పెద్ద దేవాలయాల దగ్గరా పోలీసులు చిన్న కర్రవంటిది ఒంటికి దగ్గరగా తిప్పుతారు. నడుముకు బెల్టు బిళ్ళ ఉంటే అది "కుయ్" మంటుంది. పొలంలో తిరిగే కర్ర కూడా ఆ జాతిదే, కాకపోతే పెద్దది.

అది ఎలా పనిచేస్తుందో చెబుతాను. పళ్ళెం లోపల సన్నని రాగితీగ చుట్టలు చుట్టి ఉంటుంది. అటువంటి చుట్టలు సామాన్యంగా రెండుంటాయి. ఒకటి మాట్లాడే చుట్ట, రెండోది వినే చుట్ట అనుకోండి. పైనున్న పెట్టెలోంచి మొదటి చుట్టలోకి విద్యుచ్ఛక్తి వస్తుంది. అది సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. అందువల్ల పళ్ళెం చుట్టూ, కింది నేలలో కూడా, ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడి అదీ అలాగే మారుతూ ఉంటుంది. నేలలో ఒక నాణెం ఉన్నదనుకోండి. నీళ్ళలో చెయ్యి ఆడిస్తే సుడులు లేచినట్టుగా, ఆ నాణెంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు లేస్తాయి. ఆ సుడులు తమ వంతుగా ఒక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో చుట్ట దాన్ని వింటుంది.

మరి పక్కనే ఉన్న మొదటి చుట్ట రొద రెండో చుట్టకు వినపడదా? వినపడకుండా ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఒరిగేటట్టు లెక్కగా అమరుస్తారు. దగ్గరలో లోహం లేనంతవరకూ రెండో చుట్ట మౌనంగా ఉంటుంది. త్రాసు రెండు తట్టలూ సమంగా నిలిచినట్టన్న మాట. ఏ కాస్త లోహం దగ్గరికి వచ్చినా ముల్లు కదులుతుంది. నేలలోంచి వచ్చే ఆ జవాబు గుసగుస కన్నా సన్నంగా ఉంటుంది. దాన్ని పైనున్న పెట్టె దగ్గరకు మోసుకుపోయేది మన తీగ. పెట్టె ఆ గుసగుసను పెద్దది చేసి చెవిలో మోగిస్తుంది.

ఇప్పుడు ఒక చిక్కు వస్తుంది. తీగలో ఉన్నదేమిటి? రాగి! సన్నని రాగి పోగులు, సామాన్యంగా వాటి చుట్టూ బయటి రొద చొరకుండా ఒక లోహపు అల్లిక, దానిపైన నల్లని తొడుగు. అంటే లోహాన్ని వెతికే పళ్ళెం నెత్తిమీదే ఎప్పుడూ కాస్త లోహం ఉన్నది. మరి యంత్రం పొద్దస్తమానం మోగుతూనే ఉండాలి గదా?

మోగదు. ఎందుకంటే ఈ యంత్రాలలో చాలా వాటికి మార్పు కావాలి. పళ్ళెం కదులుతూ ఒక వస్తువు మీదుగా పోయినప్పుడు ఆ జవాబు పెరిగి, తరుగుతుంది. ఆ పెరుగుదలనూ తరుగుదలనూ బట్టి అవి వస్తువును గుర్తిస్తాయి. పళ్ళెంతో బాటే ఉండి, పళ్ళెంతో బాటే కదిలే తీగ వాటికి మార్పుగా తోచదు. రోజూ ఇంట్లో టిక్కు టిక్కుమనే గడియారం చప్పుడు మీకు వినపడదు చూడండి, అలాగన్న మాట. కాని అదే తీగ వదులుగా వేలాడుతూ, ఊపినప్పుడల్లా పళ్ళెం మీద అటూ ఇటూ తూగిందనుకోండి, అది మార్పే! వెంటనే యంత్రం "కుయ్" మంటుంది. పాపం, పొలంలోని మనిషి వంగి, తవ్వి, మట్టి పిసికి చూస్తాడు. ఏమీ ఉండదు. లేచి మళ్ళీ ఊపుతాడు. మళ్ళీ "కుయ్"! నేల అనని మాటను తీగ తానే అని, నేల అన్నట్టు నమ్మించింది.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటున్నది. నాలుగుసార్లు మోసపోయిన మనిషి అయిదోసారి నిజమైన చప్పుడు వచ్చినా, "ఇదీ ఆ తీగ పనే" అనుకుని వదిలేసి పోతాడు. నాన్నా పులి కథలో ఊరివాళ్ళకు జరిగింది అదే గదా?

అందుచేత ఆ పని తెలిసిన వాళ్ళు పొలంలో అడుగు పెట్టకముందే తీగను సరిచేసుకుంటారు. ఎలాగో చూడండి.

మొదట పళ్ళాన్ని కర్ర చివర బిగిస్తారు. ఆ బిగించే మర కూడా ఇనపది కాదు, ప్లాస్టిక్‌ది. ఎందుకో మీకే తెలిసిపోయి ఉంటుంది. తర్వాత కర్రను తమ ఎత్తుకు తగినట్టు సాగదీసి నిలుపుకుంటారు. ఈ పని తీగ చుట్టకముందే కావాలి. చుట్టిన తర్వాత కర్రను సాగదీస్తే తీగ లాగుకుపోయి తెగుతుంది.

తర్వాత తీగ పళ్ళెంలోంచి బయటికి వచ్చే చోట కొద్దిగా వదులు ఉంచుతారు. పళ్ళాన్ని ముందుకూ వెనక్కూ పూర్తిగా వంచినా తీగ బిగుసుకోకుండా ఉండేటంత వదులు చాలు. అంతకన్నా ఎక్కువైతే అది పళ్ళెం మీద తూగుతుంది. తక్కువైతే వంచినప్పుడల్లా మొదట్లో లాగి, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన తొడుగు నిక్షేపంగా ఉంటుంది గనక ఆ సంగతి కంటికి కనబడదు.

ఆ వదులు ఉంచిన తర్వాత మొదటి చుట్టును కర్ర పైభాగం మీదుగా తిప్పుతారు. అక్కడినుంచి పొట్లతీగ పందిరిగుంజను అల్లుకున్నట్టుగా, సమానమైన ఎడంతో, కర్ర పొడుగునా పైకి చుట్టుకుంటూ పోతారు. తీగ కర్రను అంటిపెట్టుకుని ఉండాలి గాని, బొంగరానికి తాడు బిగించినట్టు బిగించకూడదు. కింద, పళ్ళానికి కొంచెం పైన ఒక చోటా, మీద, పెట్టెకు కొంచెం కింద ఇంకొక చోటా పట్టీతో కట్టేస్తారు. మీ బడి బూట్లకు చర్రుమని ఊడే పట్టీలుంటాయే, ఆ వెల్‌క్రో పట్టీలు దీనికి చాలా మంచివి. ఇనప తీగతోనూ, రేకు బిళ్ళతోనూ మాత్రం కట్టరాదు.

ఇంకా తీగ మిగిలితే? దాన్ని ఉండచుట్టి కింద వేలాడదీయకూడదు. పైనే, పెట్టె దగ్గర, మరి రెండు చుట్లు ఎక్కువ చుట్టేయాలి. పళ్ళానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. కడపట ప్లగ్గును పెట్టెలోని రంధ్రాలకు సరిగా ఎదురుగా పట్టి మెల్లగా దూర్చి, దాని చుట్టూ ఉన్న మరను వేళ్ళతోనే బిగించాలి. పటకారు అక్కరలేదు. ఊడదీసేటప్పుడు కూడా ప్లగ్గును పట్టుకుని తీయాలి గాని, తీగను పట్టుకుని పీకకూడదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ప్లగ్గును కూడా అలాగే తీయాలని మీ అమ్మగారు మీకు చెప్పే ఉంటారు.

ఇంత చేసిన తర్వాత ఒక పరీక్ష ఉన్నది. యంత్రం పెట్టి, పళ్ళాన్ని నేలకూ, ఇతర లోహాలకూ దూరంగా గాలిలో కదలకుండా పట్టుకుని, తీగను అక్కడక్కడ వేలితో మెల్లగా కదిలిస్తారు. నిశ్శబ్దంగా ఉంటే సరే. పళ్ళెం దగ్గర కదిలించినప్పుడు "కుయ్" మంటే అక్కడ తీగ వదులుగా ఉన్నదని అర్థం. ప్లగ్గు దగ్గర చిటపటమంటే ప్లగ్గులో తడో, దుమ్మో చేరి ఉంటుంది. తీగ ఎక్కడ వంచినా చిటపటమంటూ ఉంటే లోపల పోగులు తెగాయి, ఆ తీగ మరమ్మతుకు పోవలసిందే.

మీ దగ్గర డిటెక్టరు లేకపోయినా ఈ పని నేర్చుకోవచ్చు. ఒక చీపురుకర్ర, ఒక అట్టముక్క, రెండు గజాల తాడు తీసుకోండి. అట్టను పళ్ళెంలా గుండ్రంగా కత్తిరించి, కర్ర చివర అటూ ఇటూ వంగేటట్టు దారంతో కట్టండి. అట్ట మధ్య బెజ్జం చేసి తాడు ముడివేసి, పైన చెప్పినట్టు కర్రకు చుట్టండి. ఇప్పుడు అట్టను పూర్తిగా వంచి చూడండి. తాడు లాగితే వదులు చాలలేదు. కర్రను ఊపి చూడండి. తాడు అట్ట మీద ఆడితే వదులు ఎక్కువైంది. రెండూ లేకుండా చుట్టడం మొదటిసారే వచ్చిందంటే మీరు గట్టివాళ్ళే!

లోహం పక్కనుండి యంత్రాన్ని మోసపుచ్చడం ఈనాటిది కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీరు వినే ఉంటారు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు ఒంట్లో ఎక్కడున్నదో వైద్యులకు తెలియలేదు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు. బెల్ హడావుడిగా లోహాన్ని పసిగట్టే యంత్రం ఒకటి తయారుచేసుకుని వచ్చాడు. ముందుగా చేసిన పరీక్షలలో అది బాగానే పనిచేసింది. అధ్యక్షుడి దగ్గరకు తెచ్చేసరికి గుండు జాడ చెప్పలేకపోయింది. ఆయన పడుకున్న పరుపు కింద ఉక్కు స్ప్రింగులున్నాయి! పైగా వైద్యుడు ఒంటికి కుడివైపునే వెతకనిచ్చాడు. గుండు ఉన్నది ఎడమవైపున. సెప్టెంబరు 19న అధ్యక్షుడు చనిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ యంత్రానికి ఇంకా కఠినమైన పని పడింది. సైనికులు నడిచే దారిలో శత్రువులు పేలుడు మైనులు పాతిపెట్టేవాళ్ళు. పోలండు దేశపు సైనికోద్యోగి యూజెఫ్ కొసాట్స్కీ స్కాట్లండులో ఉంటూ మైనులను పసిగట్టే కర్రను తయారుచేశాడు. 1942లో ఈజిప్టు ఎడారిలో ఎల్ అలమైన్ దగ్గర జరిగిన యుద్ధంలో అటువంటివి 500 వాడారు. అక్కడ ఒక చప్పుడు వినపడక తప్పిపోతే పోయేది నాణెం కాదు, ప్రాణం.

ఇప్పుడు మళ్ళీ హాక్సన్ పోదాం. 1992 నవంబరు నెల. ఆ ఊళ్ళో పొలం కౌలుకు చేసే పీటర్ వాట్లింగ్ అనే రైతు సుత్తి పొలంలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆయనకు ఎరిక్ లాస్ అనే స్నేహితుడున్నాడు. ఆయన తోటపని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన దగ్గర డిటెక్టరు ఉన్నది. "కాస్త వచ్చి నా సుత్తి వెతికిపెట్టు" అని రైతు అడిగాడు. నవంబరు 16న లాస్ ఆ పొలంలో కర్ర ఊపుకుంటూ బయలుదేరాడు.

అటువంటి పొలంలో ఎన్ని రకాల లోహాలుంటాయో ఊహించండి. నాగలి ముక్కలు, మేకులు, గుర్రపు లాడాలు, తూటాల అడుగు బిళ్ళలు, చాక్లెట్ల రేకు కాగితాలు! అన్నీ మోగుతాయి. ఏ చప్పుడు ఎటువంటిదో తెలుసుకోవడానికి చెవి నిదానంగా ఉండాలి, యంత్రం నిజం చెప్పాలి. లాస్‌కు ఒక చోట గట్టి చప్పుడు వినిపించింది. తవ్వి చూస్తే సుత్తి కాదు. వెండి చెంచాలు, బంగారు నగలు, గుప్పెళ్ళకొద్దీ నాణేలు!

ఈ చోట ఎవరైనా ఏం చేస్తారు? ఆత్రంకొద్దీ అంతా తవ్విపోసుకుంటారు. ఆ స్నేహితులిద్దరూ అలా చేయలేదు. మిగిలినదాన్ని కదిలించకుండా తవ్వడం ఆపేశారు. ఆ భూమి సఫక్ కౌంటీ కౌన్సిలుది. వాళ్ళకూ, పోలీసులకూ కబురుచేశారు. మర్నాడే పురావస్తు శాఖవారు వచ్చి, మట్టి ఒక్కొక్క పొరా తీసి, ఏ వస్తువు ఏ వస్తువు పక్కన ఉన్నదో గుర్తు వేసుకుంటూ తవ్వారు. కొన్నిటిని మట్టిగడ్డతో సహా ఎత్తి తీసుకుపోయి తీరిగ్గా విడదీశారు.

అలా చేయబట్టే ఒక సంగతి తెలిసింది. ఆ వస్తువులు గోతిలో కుప్పగా పోసినవి కావు. ఒక పెద్ద చెక్కపెట్టెలో, దాని లోపల ఇంకా చిన్న పెట్టెలలో సర్దిపెట్టినవి. పదహారు వందల ఏళ్ళలో చెక్క చాలావరకు మట్టిలో కలిసిపోయింది. మిగిలిన చిన్న ముక్కలూ, కీలులూ, బుల్లి వెండి తాళాలూ, వస్తువులు పడి ఉన్న తీరూ పెట్టె ఆకారాన్ని చెప్పాయి. పారతో కలగాపులగం చేసి ఉంటే బంగారం దొరికేదే గాని, ఆ పెట్టె ఎన్నటికీ దొరికేది కాదు. జాన్ ఫ్రియర్ రాళ్ళతోబాటు మట్టి పొరలను కూడా రాసిపెట్టాడని చెప్పానే, ఇదీ అటువంటి పనే. కదిలిన తీగ అబద్ధం చెబుతుంది, కదలని వస్తువు నిజం చెబుతుంది.

ఆ పెట్టెలో 569 బంగారు నాణేలు, 14,272 వెండి నాణేలు, 24 కంచు నాణేలు, మొత్తం 14,865 ఉన్నాయి. ఇవిగాక బంగారు హారాలు, 19 కడియాలు, వందకు దగ్గరగా వెండి చెంచాలూ గరిటెలూ ఉన్నాయి. ఒక కడియం మీద జూలియానె అనే స్త్రీ పేరు చెక్కి ఉన్నది. నాణేలలో అన్నిటికన్నా కొత్తవి క్రీ. శ. 407, 408 నాటివి. అప్పటికి బ్రిటను మీద రోమనుల అధికారం అంతరించిపోతున్నది. దేశం అల్లకల్లోలంగా ఉన్నది. ఏదో కలిగిన కుటుంబం వాళ్ళు, మళ్ళీ వచ్చి తీసుకుందామని పూడ్చిపెట్టి పోయి ఉంటారు. రాలేకపోయారు.

వీటిలో మనకు దగ్గరి వస్తువు ఒకటున్నది. అది జానెడు కూడా లేని వెండి బొమ్మ. కొప్పు అందంగా దువ్వుకున్న ఒక స్త్రీ రూపం. లోపల బోలుగా ఉంటుంది. అడుగున ఒక బిళ్ళ తిరుగుతుంది. ఒక వైపు తిప్పితే మూసుకుంటుంది, ఇంకో వైపు తిప్పితే చిన్న బెజ్జాలలోంచి పొడి రాలుతుంది, మరో వైపు తిప్పితే పొడి నింపడానికి పూర్తిగా తెరుచుకుంటుంది. ఏమి పొడి అనుకున్నారు? మిరియాల పొడి! ఆ రోజులలో మిరియాలు రోముకు మన దక్షిణదేశం నుంచే, మలబారు రేవులలో ఓడలెక్కి పోయేవి. బదులుగా రోమను బంగారం ఇక్కడికి వచ్చేది. మన నాగార్జునకొండ తవ్వకాలలో కూడా రోమను బంగారు నాణేలు దొరికాయి. మన మిరియాలు అక్కడి పళ్ళెంలోకీ, వాళ్ళ నాణెం ఇక్కడి మట్టిలోకీ చేరాయన్న మాట.

ఆ నిధి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. 1993లో దానికి పదిహేడున్నర లక్షల పౌండ్లు విలువ కట్టి, ఆ సొమ్మును లాస్‌కు బహుమతిగా ఇచ్చారు. ఆయన దాన్ని ఒక్కడే ఉంచుకోకుండా రైతుతో పంచుకున్నాడు. తర్వాత ఇంగ్లండులో 1996లో ఒక కొత్త చట్టం చేసి 1997 నుంచి అమలుపెట్టారు. నిధి అనదగినది దొరికితే 14 రోజులలోగా అధికారులకు చెప్పాలి. పొలం యజమాని అనుమతి లేకుండా కర్ర ఊపరాదు. రక్షిత స్థలాల జోలికి పోరాదు. చిన్న చిన్న వస్తువులు దొరికినా, ఎక్కడ దొరికాయో రాయించడానికి జిల్లాలలో ఉద్యోగులున్నారు. ఇలా రాయించిన వస్తువులు పది లక్షలు దాటిపోయాయి.

మన దేశంలోనూ చట్టం ఉన్నది. అది 1878 నాటిది. భూమిలో పది రూపాయలకు పైబడిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలని అది చెబుతుంది. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం నేరం. లంకెబిందెలకోసం గుళ్ళల్లో, కోటల్లో రాత్రిపూట గోతులు తవ్వేవాళ్ళు బంగారాన్ని పొందకపోగా, ఆ చోటు చెప్పవలసిన చరిత్రను కూడా చెరిపేస్తున్నారు. మీ ఊరి చెరువుగట్టున ఒక పాత నాణెం మీ కాలికి తగిలిందనుకోండి. దాన్ని చింతపండుతో తోమకండి. ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన ఉన్నదో కాగితం మీద రాసుకుని, అమ్మకో నాన్నకో, మేష్టారికో చూపించి, వాళ్ళతో కలిసి అధికారులకు చెప్పండి.

ఇంతకూ రైతు సుత్తి ఏమయిందని అడుగుతారేమో. అదీ దొరికింది. పదహారు వందల ఏళ్ళనాటి బంగారంతో బాటు ఆ మామూలు సుత్తిని కూడా బ్రిటిష్ మ్యూజియంవారు తీసుకుని భద్రపరిచారు.